ప్రత్యేక దేశమా, మైనారిటీ హక్కులా? పక్షం ఎంచుకునే ముందు చూడవలసినవి

జాతుల స్వయం నిర్ణయాధికారం అన్న మాట విజయవాడకు కొత్త కాదు. ఇక్కడి వామపక్ష సభల్లో అది తరతరాలుగా వినిపిస్తూనే ఉంది. భారతదేశంలోని జాతులకు విడిపోయే హక్కుతో సహా స్వయం నిర్ణయాధికారం ఉండాలని కమ్యూనిస్టు పార్టీ 1942లోనే తీర్మానించింది. ఇప్పుడు అదే మాట గ్రూప్-1 వ్యాసాల్లోకి, విజయవాడ, గుంటూరు కళాశాలల వక్తృత్వ పోటీల్లోకి వచ్చింది. అలాంటి పోటీలకు న్యాయనిర్ణేతగా కూర్చునే నాకు ఒక చిక్కు పదేపదే కనిపిస్తుంది. సెర్బియా నుంచి విడిపోయిన కొసావో అనగానే వక్తలు విడిపోయే హక్కు వైపు నిలబడతారు. కొసావోలోనే ఉన్న సెర్బుల సంగతి అడిగితే, వారికి మైనారిటీ హక్కులు చాలంటారు. శ్రీలంక తమిళుల దగ్గర ఒక సూత్రం, ఉక్రెయిన్ నుంచి రష్యా కలుపుకున్న క్రిమియా దగ్గర ఇంకొక సూత్రం. పక్షం ముందే తేల్చుకుని, సూత్రాన్ని తరువాత వెతుక్కుంటున్నారన్నమాట.

ఈ సలహా వారికోసం, టీవీ చర్చలు చూసి విసుగెత్తినవారికోసం కూడా. రెండు సూత్రాల్లో ఏది గొప్పదో తేల్చడం నా పని కాదు. ఒక జాతి పేరు మీద నిలబడిన దేశంలో ఆ జాతికి చెందనివారు ఉన్నప్పుడు ఏ ఏర్పాటు ఎక్కడ నిలిచింది, ఎక్కడ కూలింది, ఎలాంటి చోట దేన్ని కోరుకోవాలి అన్నదే విషయం. నా మొగ్గు ముందే చెబుతున్నాను. హామీ ఇచ్చినవారు ఒంటిచేత్తో దాన్ని రద్దు చేయలేని ఏర్పాటు దొరికితే, విడిపోవడం కంటే అదే మేలు. అది దొరకదని రుజువైన తరువాతే విడిపోవడం గురించి మాట్లాడాలి.

అన్ని వైపులా మనమే

ఈ విషయం అర్థం చేసుకోవడానికి తెలుగువారు దూరం వెళ్లనక్కరలేదు. ఇందులోని అన్ని పాత్రలూ మనం ధరించినవే. 1913లో బాపట్లలో మొదటి ఆంధ్ర మహాసభ, మరుసటి ఏడాది బెజవాడలో రెండోది జరిగాయి. మదరాసు రాష్ట్రంలో ఉన్న తెలుగువారు తమ పాలన తమకు కావాలన్నారు. 1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములు నిరాహార దీక్షలోనే కన్నుమూశారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. దేశం నుంచి విడిపోకుండానే ఒక భాషాసమూహం తన పాలన తాను సంపాదించుకుంది.

అయితే గీత ఎక్కడ గీసినా దాని అవతల కొందరు మిగిలిపోతారు. బళ్లారి మైసూరుకు వెళ్లింది. తరువాత గ్రామాన్ని యూనిట్‌గా తీసుకున్న పటాస్కర్ సూత్రం ప్రకారం 1960లో తిరుత్తణి మదరాసుకు వెళ్లింది. హోసూరులో, బరంపురంలో తెలుగువారు మైనారిటీ అయ్యారు. ఇటువైపు తమిళులు, కన్నడిగులు, ఒరియావారు, ఉర్దూ మాట్లాడేవారు మైనారిటీ. రాష్ట్రాల పునర్విభజన జరిగిన 1956లోనే రాజ్యాంగంలో 350ఎ, 350బి అధికరణాలు చేరడం యాదృచ్ఛికం కాదు. మాతృభాషలో ప్రాథమిక విద్యకు ఏర్పాట్లు చేయాలని ఒకటి చెబుతుంది, భాషాపరమైన మైనారిటీల కోసం ప్రత్యేక అధికారిని నియమించాలని ఇంకొకటి చెబుతుంది. హోసూరులో తెలుగు బడి కోసం గట్టిగా మాట్లాడేవారు గుంటూరులో ఉర్దూ బడికి ఉపాధ్యాయులు లేరంటే కూడా అంతే గట్టిగా మాట్లాడాలి. మాట్లాడేవారు తక్కువే.

ఇక రంగూన్. బ్రిటిషు కాలంలో కోస్తా జిల్లాల నుంచి వేలాది తెలుగువారు అక్కడి రేవుల్లో, మిల్లుల్లో పనికి వెళ్లారు. 1930 మే నెలలో తెలుగు రేవు కూలీలు కూలి పెంచమని సమ్మె చేస్తే వారి స్థానంలో బర్మా కూలీలను దించారు. సమ్మె తీరి తెలుగువారు తిరిగి పనిలోకి రాగానే రంగూన్ వీధుల్లో వారిపై దాడులు జరిగాయి. 1942లో జపాను దాడితో లక్షలాది భారతీయులు కొండలు, అడవులు దాటి నడిచి వచ్చారు. 1962 సైనిక తిరుగుబాటు తరువాత దుకాణాల జాతీయీకరణతో మరో విడత కాందిశీకులు వచ్చారు. విశాఖపట్నంలోని బర్మా క్యాంపు అలా వెలసినదే. బర్మా 1982 పౌరసత్వ చట్టం 1823కు ముందు నుంచి ఆ నేలపై ఉన్న జాతులవారినే పుట్టుకతో పౌరులుగా గుర్తించింది. ఆ తరువాత వచ్చినవారు రెండో తరగతి, మూడో తరగతి పౌరులు. రోహింగ్యాలకు అదీ దక్కలేదు. 2017 ఆగస్టు తరువాత ఏడు లక్షల మందికి పైగా బంగ్లాదేశ్‌కు పారిపోయారు.

బర్మావారికి బ్రిటిషువారి నుంచి స్వాతంత్ర్యం కోరే హక్కు లేదని ఎవరనగలరు? ఆ హక్కు న్యాయమైనదే. దాన్ని అందుకున్న చేతులే పౌరసత్వాన్ని రక్తసంబంధంగా మార్చాయి, అదీ నిజమే. ఈ రెండింటినీ ఒకే వాక్యంలో చెప్పలేని వక్తకు నేను మార్కులు వేయను.

చట్టం ఎంతవరకు తోడు వస్తుంది?

కొంతవరకే. 1966 నాటి పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడికలో మొదటి అధికరణం ప్రజలందరికీ స్వయం నిర్ణయాధికారం ఉందంటుంది. 27వ అధికరణం మైనారిటీలకు తమ సంస్కృతి, మతం, భాష అనుభవించే హక్కును నిరాకరించరాదంటుంది. ఎవరు ప్రజలు, ఎవరు మైనారిటీ అన్నది ఒడంబడిక చెప్పదు. తగాదా అంతా అక్కడే. భారతదేశం 1979లో అందులో చేరుతూ, మొదటి అధికరణం విదేశీ పాలనలో ఉన్న ప్రజలకే వర్తిస్తుందని, సర్వసత్తాక దేశంలోని ఒక భాగానికి వర్తించదని ప్రకటించింది. దీనిపై ఫ్రాన్స్, జర్మనీ, నెదర్లాండ్స్ అభ్యంతరం చెప్పాయి. ఆ ఫ్రాన్సే తన దేశంలో 27వ అధికరణం వర్తించదని ప్రకటించుకుంది. ఎవరి నొప్పి వారిది. పరీక్ష రాసేవారు ఈ రెండు ప్రకటనలనూ పక్కపక్కన పెడితే చాలు, ఒక పేజీ వ్యాఖ్యానం ఆదా అవుతుంది.

యుగోస్లావియా ముక్కలైనప్పుడు ఐరోపా దేశాలు వేసిన న్యాయనిపుణుల బడిన్‌తేర్ కమిషన్ 1992లో ఇచ్చిన అభిప్రాయం ఇక్కడ పనికొస్తుంది. క్రొయేషియా, బోస్నియాల్లోని సెర్బులకు మైనారిటీ హక్కులన్నీ ఉండాలి, సరిహద్దులు మాత్రం మారవు అని అది చెప్పింది. కెనడా సుప్రీంకోర్టు 1998లో మరింత నిక్కచ్చిగా మాట్లాడింది. ఫ్రెంచి మాట్లాడేవారు ఎక్కువగా ఉన్న క్యుబెక్ రాష్ట్రానికి ఏకపక్షంగా విడిపోయే హక్కు లేదు. స్పష్టమైన ప్రశ్నకు స్పష్టమైన మెజారిటీ వస్తే మాత్రం మిగతా కెనడా చర్చలకు కూర్చోక తప్పదు. అంతకు ముందు 1995 ఓటింగులో విడిపోవద్దన్న పక్షం 50.58 శాతంతో గట్టెక్కింది. ఆ ఓటింగుకు కొద్ది రోజుల ముందు క్యుబెక్ ఉత్తరాన ఉన్న క్రీ ఆదివాసులు తమలో తాము ఓటు వేసుకున్నారు. వారిలో 96 శాతం మంది క్యుబెక్‌తో కలిసి కెనడాను వీడబోమన్నారు. విడిపోయే హక్కు ఉందనుకుంటే, విడిపోయేవారి నుంచి విడిపోయే హక్కు క్రీలకు ఎందుకు ఉండకూడదు? క్యుబెక్ నాయకుల దగ్గర దీనికి సరైన జవాబు లేదు.

ఏర్పాట్లను పక్కపక్కన పెడితే

విడిపోవడం. ఇది అన్నిటికంటే సూటిగా కనిపిస్తుంది, అన్నిటికంటే ఖరీదైనదీ ఇదే. 2011లో దక్షిణ సూడాన్‌లో 98.83 శాతం మంది స్వాతంత్ర్యానికి ఓటు వేశారు. దశాబ్దాల యుద్ధం తరువాత వారికి మరో దారి ఉండిందని నేను అనను. 2013 డిసెంబరులో ఆ కొత్త దేశంలోనే అంతర్యుద్ధం మొదలైంది. శ్రీలంకలో ప్రత్యేక ఈళం కోసం పోరాడిన పులులు 1990 అక్టోబరులో ఉత్తరాది ముస్లింలను వెళ్లగొట్టారు. జాఫ్నాలోని వారికి ఇచ్చిన గడువు కొన్ని గంటలే. తమిళం మాట్లాడే ఆ ముస్లింలకు, ఇంకా పుట్టని దేశం ఎలా ఉండబోతోందో అప్పుడే తెలిసిపోయింది. విడిపోవడానికి మద్దతిచ్చేవారు ముందుగా అడగవలసింది ఇదే: కొత్త దేశంలో మైనారిటీ ఎవరు, వారితో ఈరోజు ఎలా ఉంటున్నారు?

విడిపోవడానికి తోబుట్టువు లాంటిది జనాభా మార్పిడి. 1923 లోజాన్ ఒప్పందం ప్రకారం టర్కీ నుంచి సుమారు 12 లక్షల మంది ఆర్థడాక్స్ క్రైస్తవులు గ్రీసుకు, గ్రీసు నుంచి సుమారు నాలుగు లక్షల మంది ముస్లింలు టర్కీకి మారారు. మారినవారిలో టర్కిష్ తప్ప మరో భాష రాని క్రైస్తవులూ ఉన్నారు. దీన్ని ఇప్పటికీ పరిష్కారమని రాసేవారున్నారు. నా దృష్టిలో ఇది ఎంపికల పట్టికలోనే ఉండకూడదు.

ప్రాంతీయ స్వయంపాలన. ఒక సమూహం ఒకేచోట గుంపుగా ఉంటే మొదట చూడవలసింది ఇదే. ఆలాండ్ దీవుల కథ కొంచెం నిదానంగా చెప్పుకోవాలి. 1917లో ఫిన్లాండ్ రష్యా నుంచి స్వతంత్రమైంది. స్వీడిష్ మాట్లాడే ఆలాండ్ వాసులు, మీకు ఉన్న హక్కే మాకూ ఉంది, మేము స్వీడన్‌లో కలుస్తామన్నారు. తర్కం ప్రకారం వారిని తప్పుపట్టలేం. 1921లో నానాజాతి సమితి దీవులను ఫిన్లాండ్‌కే ఇచ్చింది. బదులుగా స్వీడిష్ భాషకు, స్థానికుల భూమికి, స్వయంపాలనకు హామీలు కట్టబెట్టింది. ఆ హామీలను ఉల్లంఘిస్తే సమితికి ఫిర్యాదు చేసుకునే దారి కూడా పెట్టింది. నేటికీ అక్కడ అధికార భాష స్వీడిష్ ఒక్కటే. స్థానిక పౌరసత్వం గానీ ప్రత్యేక అనుమతి గానీ లేనిదే భూమి కొనడం కుదరదు. అన్నిటికంటే ముఖ్యమైనది, ఆలాండ్ శాసనసభ ఒప్పుకోకుండా ఫిన్లాండ్ పార్లమెంటు స్వయంపాలన చట్టాన్ని మార్చలేదు. బ్యాంకు లాకరుకు రెండు తాళంచెవులు ఉన్నట్లే ఇది. ముప్పై వేల మంది సమూహం నూరేళ్లకు పైగా నిశ్చింతగా ఉండటానికి కారణం ఫిన్లాండ్ మంచితనం ఒక్కటే కాదు, ఆ రెండో తాళంచెవి.

సాంస్కృతిక స్వయంపాలన. మైనారిటీ ఊరూరా చెదిరి ఉంటే భూమిపై గీత గీయలేం. ఎస్తోనియా 1925లో చేసిన చట్టం దీనికి మంచి నమూనా. జర్మన్లు, యూదులు తమ సభ్యుల జాబితాలు తయారు చేసుకుని, తమ మండళ్లను ఎన్నుకుని, తమ బడులను తామే నడుపుకున్నారు. సరిహద్దు లేదు, సైన్యం లేదు, బడుల మీద అధికారం ఉంది. మన దేశంలో మైనారిటీలు తమ విద్యాసంస్థలను తామే నడుపుకునేందుకు 30వ అధికరణం ఇచ్చే హక్కు దీనికి దూరపు బంధువు. ఆ ఎస్తోనియాయే 1991లో తిరిగి స్వతంత్రమైనప్పుడు, సోవియట్ కాలంలో వచ్చి స్థిరపడిన రష్యన్ మాట్లాడేవారికి నేరుగా పౌరసత్వం ఇవ్వలేదు. ఆక్రమణను గుర్తుంచుకున్న దేశం భయపడటం అర్థమవుతుంది. ఆ నేలపైనే పుట్టిన పిల్లవాడు ఏ దేశ పౌరుడూ కాకుండా పెరగడం మాత్రం సమర్థించలేనిది.

అధికారంలో వాటా. దీన్ని జాగ్రత్తగా ఎంచుకోవాలి. 1995 డేటన్ ఒప్పందం బోస్నియాలో యుద్ధం ఆపింది. అధ్యక్ష మండలిలో బోస్నియాక్, క్రొయేట్, సెర్బు ఒక్కొక్కరు ఉంటారు. మరి యూదుడు, రోమా (జిప్సీ)? వారు పోటీయే చేయలేరు. 2009లో యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం సెయ్‌దిచ్, ఫించి కేసులో ఇది వివక్ష అని తీర్పు చెప్పింది. యుద్ధాన్ని ఆపే మందు శాంతికాలంలో రోగమవుతుందనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు. మాసిడోనియా 2001లో దీన్ని మెరుగ్గా చేసింది. పదవులను జాతులవారీగా పంచకుండా, భాష, సంస్కృతికి సంబంధించిన చట్టాలకు మొత్తం మెజారిటీతో పాటు మైనారిటీ సభ్యుల్లోనూ మెజారిటీ ఉండాలన్నారు.

సమాన పౌరసత్వం ఒక్కటే, సమూహాల ఊసే వద్దు అన్నది ఫ్రాన్స్ మార్గం. వినడానికి బాగుంటుంది. అందరికీ ఒకే నియమం అన్నప్పుడు ఆ నియమం ఏ భాషలో రాసి ఉందో చూడండి, చాలు.

హామీ ఎలా చెడుతుంది?

1919 తరువాత పోలండ్‌తో మొదలుపెట్టి తూర్పు ఐరోపా దేశాలెన్నో మైనారిటీ ఒప్పందాలపై సంతకాలు చేశాయి. చేయించిన పెద్ద దేశాలు తమకు మాత్రం అలాంటి బాధ్యత పెట్టుకోలేదు. 1934లో పోలండ్ ఇక సహకరించనంది. 1938లో హిట్లర్ చెకొస్లొవేకియాలోని జర్మన్ల హక్కుల పేరు చెప్పి సుడేటన్‌లాండ్ మింగాడు. సొంత జాతివారి కాపలాదారుగా పొరుగు దేశం ముందుకొస్తే రెండుసార్లు ఆలోచించాలి. క్రిమియా విషయంలోనూ అంతే.

శ్రీలంకలో హామీని విప్పేయడం మెట్టు మెట్టుగా జరిగింది. స్వాతంత్ర్యం రాగానే తోటల్లో పనిచేసే భారత సంతతి తమిళుల పౌరసత్వం పోయింది. 1956లో సింహళం ఒక్కటే అధికార భాష అయింది. తమిళ ప్రాంతాలకు కొంత స్వపరిపాలన ఇస్తామంటూ ప్రధాని బండారనాయకే తమిళ నాయకుడు చెల్వనాయకంతో 1957లో చేసుకున్న ఒప్పందం మరుసటి ఏడాదే రద్దయింది. ఏ మతం, ఏ వర్గం పైనా వివక్ష చూపే చట్టం చేయరాదన్న పాత రాజ్యాంగంలోని 29వ సెక్షన్ 1972 రాజ్యాంగంలో కనిపించలేదు. 1976లో వడ్డుకోడైలో తమిళ నాయకులు ప్రత్యేక దేశం తీర్మానం చేసేసరికి, అంతకు ముందు అడిగిన చిన్న కోరికలన్నీ నిరాకరణకు గురై ఉన్నాయి. 1987 భారత, శ్రీలంక ఒప్పందంతో వచ్చిన 13వ సవరణ కింద కూడా భూమి, పోలీసు అధికారాలు రాష్ట్రాల చేతికి పూర్తిగా రాలేదు.

మన దగ్గర విషయం జాతులది కాదు, ప్రాంతాలది. అయినా హామీ ఎలా నిలుస్తుందో, ఎలా పోతుందో నేర్చుకోవడానికి పనికొస్తుంది. 1937 నవంబరు 16న మదరాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గారి ఇల్లు శ్రీబాగ్‌లో కోస్తా, రాయలసీమ నాయకులు ఒప్పందం చేసుకున్నారు. ముందు అనుమానాలు తీర్చండి, తరువాత రాష్ట్రం అడుగుదాం అన్నది సీమ నాయకుల మాట. ఆ మాట ప్రకారమే 1953లో రాజధాని కర్నూలుకు, 1954లో హైకోర్టు గుంటూరుకు వచ్చాయి. 1956లో రెండూ హైదరాబాదుకు వెళ్లిపోయాయి, నీళ్ల హామీ మీద తగవు ఇంకా నడుస్తూనే ఉంది. 1956 ఫిబ్రవరి 20 నాటి పెద్దమనుషుల ఒప్పందం తెలంగాణకు ఉపముఖ్యమంత్రి పదవి దక్కాలంది. మొదటి మంత్రివర్గంలోనే ఆ పదవి లేదు. దీనికి భిన్నంగా, 1973లో 32వ సవరణతో వచ్చిన, చదువులో, ఉద్యోగాల్లో స్థానికులకు అవకాశాలు కల్పించే 371డి అధికరణం రాజ్యాంగంలో కూర్చుంది. దాన్ని పట్టుకుని ఉద్యోగార్థి కోర్టుకు వెళ్లగలడు. పెద్దమనుషులు ఉంటారు, పోతారు.

పేరులోనే జాతి ఉన్నప్పుడు

ఇజ్రాయెల్ గురించి అడగకుండా ఏ చర్చా ముగియదు, కాబట్టి సూటిగా రాస్తాను. 1948 స్వాతంత్ర్య ప్రకటన మతం, జాతి, లింగ భేదం లేకుండా పౌరులందరికీ సమాన సామాజిక, రాజకీయ హక్కులుంటాయంది. 2018 మౌలిక చట్టం ఆ దేశంలో జాతీయ స్వయం నిర్ణయాధికారం యూదులకు మాత్రమే ఉందంది. అరబిక్‌ను అధికార భాష స్థాయి నుంచి ప్రత్యేక హోదాకు దించింది. సమానత్వం అన్న మాటను అందులో చేర్చలేదు. పౌరుల్లో సుమారు అయిదో వంతు అరబ్బులు. యూదులకు తమ దేశం ఉండటం ఒక విషయం, ఆ దేశంలోని అరబ్బు పౌరుడు చట్టం దృష్టిలో అతిథిగా మిగలడం ఇంకొకటి. మొదటిదాన్ని సమర్థించేవారు రెండోదాన్ని కూడా సమర్థించి తీరాలని ఏమీ లేదు.

ఇక్కడ వక్తలు తరచూ రెండు ప్రశ్నలను కలిపేస్తారు. ఇజ్రాయెల్ పౌరులైన అరబ్బులది మైనారిటీ సమానత్వం ప్రశ్న. వెస్ట్ బ్యాంక్, గాజా ప్రజలు ఆ దేశ మైనారిటీ కారు, ఆక్రమణలో ఉన్న ప్రజలు. వారిది స్వయం నిర్ణయాధికారం ప్రశ్న. 2024 జులైలో అంతర్జాతీయ న్యాయస్థానం ఆక్రమణ కొనసాగింపు చట్టవిరుద్ధమని సలహా అభిప్రాయం చెబుతూ ఆ హక్కునే ప్రస్తావించింది. ఓటు లేనివారికి మైనారిటీ హక్కులు సిఫారసు చేయడం తప్పు మందు ఇవ్వడమే.

మాసిడోనియా 1991 రాజ్యాంగ పీఠిక తనను మాసిడోనియన్ జాతి దేశంగా చెప్పుకుంది. 2001 ఒప్పందం తరువాత పీఠికలో అల్బేనియన్లు, టర్కులు, రోమాలు మొదలైనవారి పేర్లూ వచ్చాయి. పీఠిక మార్చితే కడుపు నిండదనేవారికి ఒక మాట: 20 శాతం మందికి పైగా మాట్లాడే భాషకు అధికార హోదా కూడా అదే ఒప్పందంతో వచ్చింది.

ఇక ఎంచుకోండి

ముందు పటం తీసుకుని సమూహం ఎక్కడ ఉందో చూడండి. ఒకేచోట ఉండి, ఓటు ఉండి, మాట వినే కోర్టు ఉంటే ప్రాంతీయ స్వయంపాలన అడగండి. చెదిరి ఉంటే బడులు, భాష, సంస్థలపై అధికారం అడగండి. ఓటే లేదంటే, పౌరసత్వమే లాక్కున్నారంటే, ఒప్పందాలు వరుసగా చించేశారంటే విడిపోవాలనే వాదన బలపడుతుంది. అప్పుడు కూడా లోపలి మైనారిటీకి ఏం రాసిస్తున్నారో చూపించమనండి. 2008లో స్వతంత్రం ప్రకటించుకున్న కొసావో రాజ్యాంగం 120 స్థానాల్లో 20 మైనారిటీలకు కేటాయించింది, సెర్బియన్‌ను కూడా అధికార భాషగా ఉంచింది. ఉత్తరాన సెర్బులు ఇంకా నమ్మడం లేదన్నది నిజమే. రాసివ్వడం మొదటి మెట్టు మాత్రమే.

వ్యాసానికి ఒకే ఉదాహరణ లోతుగా చదవాలనుకుంటే ఆలాండ్ వద్దు. అది దీవి, జనం దాదాపు ఒకే భాషవారు, స్వీడన్ తీర్పును ఒప్పుకుంది. అక్కడ కుదిరింది కాబట్టి అంతటా కుదురుతుందని రాస్తే పరీక్షకుడు నవ్వుకుంటాడు. దక్షిణ టిరోల్ తీసుకోండి. జర్మన్ మాట్లాడే ఆ ప్రాంతం మొదటి ప్రపంచయుద్ధం తరువాత ఆస్ట్రియా నుంచి ఇటలీకి వెళ్లింది. ముస్సోలినీ జర్మన్ బడులు మూయించాడు. 1946లో ఆస్ట్రియా, ఇటలీ ఒప్పందం కుదిరింది. కానీ 1948 చట్టం ఆ ప్రాంతాన్ని ఇటాలియన్లు ఎక్కువగా ఉన్న త్రెంతోతో కలిపేసింది, దాంతో స్వయంపాలన కాగితంపైనే మిగిలింది. బాంబులు పేలాయి. ఆస్ట్రియా ఐక్యరాజ్యసమితికి వెళ్లింది. 1972లో రెండో చట్టం అసలైన అధికారాన్ని జిల్లా స్థాయికి దించింది. వివాదం ముగిసిందని 1992లో రెండు దేశాలూ అధికారికంగా ప్రకటించాయి. ఇప్పుడు ప్రభుత్వ ఉద్యోగాలు భాషాసమూహాల నిష్పత్తిలో దక్కుతాయి, బడులు వేరువేరు. తల్లి జర్మన్, తండ్రి ఇటాలియన్ అయిన యువకుడు ఉద్యోగం కావాలంటే తాను ఏ సమూహమో ప్రకటించక తప్పదు, దీనిపై అక్కడ ఇప్పటికీ ఫిర్యాదులున్నాయి.